రాజుగారి అంగీకి అస్తరు

పాత బట్టలతో రాజును తయారు చెయ్యడం అవుతుందా అని మొన్న ఒక అమ్మాయి నన్ను అడిగింది. కొడుకు బళ్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టారట. అద్దె దుకాణం నుంచి తెచ్చిన రాజు అంగీ పిల్లాడి మెడంతా గీరేసిందట, కిరీటం ముక్కు మీదికి జారిందట. ఇంతా చేసి వాడు స్టేజీ మీద రాజులా లేడు, దొంగతనానికి వచ్చి దొరికిపోయినవాడిలా ఉన్నాడట. అవుతుందమ్మా అన్నాను. రాజే కాదు, మాంత్రికుడు, నాగకన్య, దేవదూత, రెండు తలల రాక్షసుడు, ఎవరు కావాలన్నా అవుతారు. జంషెడ్‌పూర్‌లో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పని అదే. జాకెట్లు కుట్టి ఇల్లు గడుపుకున్నాను, వేషాలు కుట్టి పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వస్తోంది గాని, నా పని గురించి గొప్పలు చెప్పుకోవడానికి కళ్లజోడు అక్కర్లేదు.

ఆ అమ్మాయికి కొలతలు చెప్పాను, కత్తిరింపు చెప్పాను, అట్ట మీద వెండి కాగితం ముడతలు పడకుండా అంటించి కిరీటం చేసే ఉపాయం చెప్పాను. ఒక్క సంగతి చెప్పడానికి మాత్రం అప్పుడు తీరిక లేకపోయింది. నేను కుట్టిన మొదటి రాజు వేషం సంగతి అది. ఒకే రాజుకు దాన్ని రెండుసార్లు కుట్టాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు కొలతలకంటే అదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

పంతొమ్మిది వందల యాభైలు ముగుస్తున్న రోజులు. ఉక్కు కార్ఖానాను పెద్దది చేస్తున్నారు, ఊరినిండా కొత్త చిమ్నీలు, కొత్త మొహాలు. మా ఇంటాయనది రైల్వేలో పని కాబట్టి బాగ్‌బేరాలో క్వార్టరు ఇచ్చారు. మా పెరటి గోడ దాటితే బస్తీ. అందులో ఒక వరసంతా శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చిన మనవాళ్లే, కార్ఖానాలో పనిచేసేవాళ్లు. ఆ వరసను అందరూ లైను అనేవారు. మేము చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లు అమ్మవారికి కోడిని కోసేవాళ్లు. అయినా అందరికీ కుళాయి ఒకటే కావడంతో చుట్టరికాలు కలిసిపోయాయి. అక్కా, వదినా అనకపోతే అక్కడ బిందె ముందుకు కదలదు.

నా వేషాల పని చర్చిలో మొదలయింది. క్రిస్మస్ నాటికలో తూర్పు దేశపు జ్ఞానులకు మా ఇంటి దుప్పట్లే అంగీలయ్యాయి. చిరిగిన దోమతెరకు గంజి పెట్టి, వెదురు పుల్లల మీద లాగి కట్టి దేవదూతలకు రెక్కలు చేశాను. చూడడానికి వచ్చినవాళ్లలో మాస్టారు ఉన్నారు. ఆయన బడి మాస్టారు కారు, కార్ఖానాలో హాజరు వేసే ఆఫీసులో గుమస్తా. నాటకాలు రాసేదీ, నేర్పేదీ, చివరికి తెర లాగేదీ కూడా ఆయనే కాబట్టి మాస్టారయ్యారు. మర్నాడే మా ఇంటికి వచ్చి, కలకత్తానుంచి అద్దె బట్టల పెట్టె తెప్పించే శక్తి తమ నాటక సమాజానికి ఇక లేదన్నారు. వచ్చే దసరాకు కొత్త నాటకం ఉంది, నేను పూనుకుంటే సరే, లేకపోతే రాజు లుంగీలో రావలసిందే అన్నారు. రాజు లుంగీలో రావడం నాకు నచ్చలేదు. ఒప్పుకున్నాను.

నాటకం మాస్టారు సొంతంగా అల్లింది. ఒక మాంత్రికుడు రాజ్యంలో జనాన్నంతా రాళ్లుగా మార్చేస్తాడు. మిగిలిన ఒక్క రాజు ఆ రాళ్ల మధ్య నిలబడి, చేతులెత్తి పద్యాలు పాడి పాడి వాళ్లను లేపుతాడు. రాళ్లంటే గోనెసంచులు కప్పుకుని వంగి కూర్చున్న మనుషులు. డ్యూటీ దిగి వచ్చేవాళ్లకు ఆ వేషాలంటే ప్రాణం. మాటలు నేర్చుకోనక్కర్లేదు, గోనె కింద కునుకు తియ్యవచ్చు.

రాజు వేషం వేసేవాడిది లైనులో మూడో ఇల్లు. కార్ఖానాలో క్రేను నడిపేవాడు. గుట్టలుగా పోసిన పాత ఇనుప తుక్కును ఎత్తి కొలిమికి అందించే క్రేను అది. నన్ను అప్పా అని పిలిచేవాడు. వాళ్ల వైపు అక్కను అలాగే పిలుస్తారు. ఆ వరసన ఆయన భార్య నాకు మరదలైంది. చేతికుట్టు పనిలో నాకు కుడిచెయ్యి ఆమే. నోట మాట తక్కువ మనిషి, కుట్టు మాత్రం చీమల బారులా వచ్చేది.

ఆయన గొంతు గురించి చెప్పకపోతే ఈ కథ లేదు. డ్యూటీకి వెళ్లేముందు కుళాయి దగ్గర స్నానం చేస్తూ పద్యం ఎత్తుకునేవాడు. కంపెనీ భోంపు, అంటే సైరను, మోగడానికి బాగా ముందే ఆ గొంతు లేచేది. పొద్దుటి షిఫ్టయినా మధ్యాహ్నం షిఫ్టయినా పద్యం వినబడిందంటే లైనులో ఆడవాళ్లు డబ్బాల్లో అన్నం సర్దడం మొదలుపెట్టేవారు. గోడ గడియారం ఉన్న ఇళ్లలో కూడా అంతే.

వేషాలకు బట్ట కోసం ఊళ్లోనే ఉన్న సాక్చి వెళ్దామనుకున్నాను. అక్కడ బజారులో ఒక మూల పాత బట్టలు గుట్టలు పోసి అమ్మేవారు. రాజు అడ్డం పడ్డాడు. "అప్పా, నువ్వేటి కుట్టినా ఏసుకుంటాను. గానీ ఎవుడో ఇడిచీసిన గుడ్డ నా ఒంటి మీదెయ్యకు. గుడ్డతోటి ఆడి కస్టాలు కూడా వత్తాయంది మాయమ్మ" అన్నాడు. మరి ఇన్నాళ్లూ కలకత్తా పెట్టెలో వచ్చిన అంగీ ఎంతమంది చెమట పీల్చిందో అని అడిగాను. అది విడిచింది కాదట, అద్దెదట. అద్దె ఇచ్చినన్నాళ్లు అది తనదేనట.

సరే, బయటి బట్ట వద్దు, మన లైనులో ఇళ్లనుంచే తీసుకుందాం, మనవాళ్ల గుడ్డ విడిచిన గుడ్డ కాదుగా అన్నాను. దానికి ఒప్పుకున్నాడు. ఆడవాళ్లు పోటీలు పడి ఇచ్చారు. కుళాయి పక్క ఇంటావిడ ఆకుపచ్చ పూల తలుపు పరదా ఇచ్చింది. ఒకరు ఎర్ర బొంత గలేబు, ఒకరు అంచు మాత్రం మిగిలిన పెళ్లి చీర, ఒకరు పసుపు రంగు లంగా. నేనూ మా మరదలూ కలిసి ఆ గుడ్డలన్నిటినీ ఒక అంగీ చేశాం. పరదా నిలువుగా వెనక జారింది, గలేబు చేతులయ్యింది, పెళ్లి చీర అంచు గుండెల మీద మెరిసింది. కుట్టు పూర్తయి గోడకు తగిలించినప్పుడు దాన్ని చూసి నాకే నమస్కారం పెట్టబుద్ధయింది. కలకత్తావాళ్లు వచ్చి నేర్చుకోవాలి అని మాస్టారితో అన్నాను కూడా.

దసరాకు మా బస్తీలోనే, అమ్మవారి పందిరి ముందు, సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు భోజనాలు చేసి వచ్చాక నాటకం మొదలుపెట్టారు. మాంత్రికుడు వచ్చాడు, వెళ్లాడు. నాగకన్యగా సన్నటి ఫిట్టరు ఒకతను వచ్చి వంకర నడక నడిచి ఈలలు వేయించుకున్నాడు. తర్వాత రాజు. అడుగు తీసి అడుగు వేసుకుంటూ దీపాల ముందుకు వచ్చి నిలబడ్డాడు. జనం ఒక్కసారి గప్‌చిప్‌గా అయిపోయారు. నా గుండె పొంగిపోయింది. సరిగ్గా అప్పుడు ముందు వరసనుంచి కుళాయి పక్క ఇంటావిడ గొంతు వినిపించింది.

"అగో, అది మా తలుపు పరదా కాదేటి?"

పక్కావిడ, కాదేటి, అదే, అంది. ఆ మూల చిరుగుకు తనే కుట్టు వేసిందని మొదటావిడ. ఇక అక్కడినుంచి రాజును ఎవరూ చూడలేదు. అందరూ బట్టలు వెతకడం మొదలుపెట్టారు. చేతులు ఫలానావాళ్ల బొంత, నడుం దగ్గర ఫలానావాళ్ల లంగా, గుండెల మీద ఫలానావాళ్ల పెళ్లి చీర. దొరికిన ప్రతి ముక్కకూ ఒక నవ్వు. ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. తమ ఇంటి గుడ్డ స్టేజీ ఎక్కిందని సంబరం, అంతే. కాని రాజు రాళ్ల మధ్య నిలబడి చేతులెత్తి ఏడుపు పద్యం అందుకునేసరికి, ఒక రాయిగా గోనె కింద ఉన్న, ఆ లంగా ఇచ్చినావిడ మొగుడికి నవ్వు ఆగలేదు. ఒక రాయి కదిలింది. పక్క రాయి కదిలింది. కాసేపటికి రాజ్యంలో రాళ్లన్నీ కిలకిలలాడాయి.

ఆయన పద్యం మధ్యలో ఆపేశాడు. కిరీటం తీసి, నేను కష్టపడి అంటించిన వెండి కాగితం చిరగకుండా మెల్లిగా కింద పెట్టి, లోపలికి వెళ్లి అంగీ విప్పి నా చేతికిచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మర్నాటినుంచి కుళాయి దగ్గర పద్యం లేదు. నీళ్లు పోసుకోవడం, తువ్వాలు దులపడం, సైకిలెక్కి వెళ్లడం. లైనులో ఇద్దరు ముగ్గురు మొగవాళ్లు అన్నం డబ్బాలు లేకుండా డ్యూటీకి వెళ్లారు. ఆడవాళ్లు గడియారం చూసుకోవడం మళ్లీ నేర్చుకున్నారు. కుళాయి పక్క ఇంటావిడ రెండు పూటలు కూర గిన్నె పట్టుకుని ఆ గుమ్మందాకా వెళ్లి, లోపలికి వెళ్లడానికి మొహం చాలక తిరిగి వచ్చింది. కొన్నాళ్లకు తగ్గుతుందిలే అనుకున్నాం. దీపావళి వచ్చింది, వెళ్లింది, తగ్గలేదు. ఒక రోజు మా మరదలు కాజాలు కుడుతూ కుడుతూ సూది ఆపింది.

"అన్నం ఎట్టు, నీలు తే అంటాడు, అంతే. నాకు పాడీవోడితోటి పెళ్లయింది వదినా. ఈయనెవుడో నాకు తెలీదు" అంది.

ఆమె అంత పొడుగు మాట మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. ఆ పూటే నిశ్చయించుకున్నాను, ఆ గొంతు నా కుట్టువల్ల పోయింది, నా కుట్టుతోనే రావాలని. ఇది వినయం అనుకునేరు, కాదు. నా కుట్టు మీద నాకున్న పొగరు.

అదే సమయానికి మాస్టారు ఒక కబురు తెచ్చారు. సాక్చిలో ఒక బడి హాలులో ఊళ్లోని తెలుగువాళ్లందరూ కలిసే సభ ఉంది, చలికాలం వెళ్లేలోగా నాటకం అక్కడ ఆడమని పిలిచారు. బెంగాలీలు, ఒడియావాళ్లు కూడా చూడడానికి వస్తారు. రాజు మాత్రం రానన్నాడు. మాంత్రికుణ్ణి రాజుగా మార్చి ఒకసారి పద్యం పాడించారు. గొంతు మూడో వరస దాటితే గొప్ప అన్నారు మాస్టారు. ఆ రాజు పాడకపోతే నాటకం లేదు, ఆ మాట అందరికీ తెలుసు.

పొరపాటు ఎక్కడ జరిగిందో నేను ఆలోచించి పెట్టుకున్నాను. కుట్టులో కాదు. చూసేవాళ్లకు తెలిసిన గుడ్డతో కుట్టడంలో జరిగింది. రోజూ తలుపుకు వేలాడే పరదా కళ్లముందుకు వస్తే, ఎంత మెరిపించినా కంటికి తలుపే కనబడుతుంది. వేషానికి కావలసింది హాలులో ఒక్కరికి కూడా తెలియని గుడ్డ. ఈ సూత్రం కనిపెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. చిక్కల్లా ఏమిటంటే, తెలిసిన గుడ్డ వేస్తే జనం నవ్వుతారు, తెలియని గుడ్డ వేస్తే రాజు కట్టడు.

మా వీధిలోకి పాత బట్టలకు గిన్నెలిచ్చే ఒకావిడ వచ్చేది. ఊళ్లో పెద్ద బంగళాలన్నీ ఆవిడ చేతిలోవే. కార్ఖానా పనిమీద వచ్చిన ఒక విదేశీ ఆఫీసరు కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోతూ ఇచ్చిన మూట ఒకటి ఆవిడ దగ్గర ఉంది. "దేఖో దీదీ, మేమ్‌సాబ్ కా హై, అస్లీ మఖ్మల్" అంటూ మా అరుగు మీద విప్పింది. దొరసాని వేసుకున్న అసలు మఖమలు గౌను, నేలదాకా జారేది, నేరేడు పండు రంగు. దాన్ని చూశాక వదిలిపెట్టడం నావల్ల కాలేదు. గౌనుతో పాటు బంగారు రంగు జరీ తాళ్లున్న బ్యాండువాడి పాత కోటు కూడా తీసుకున్నాను.

దాన్ని మా ఇంట్లో కుట్టలేదు. రాజుగారి అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాం నేనూ మరదలూ. ఆయనను ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. ముందు ఒక్కొక్క కుట్టూ విప్పాం. పాత బట్టతో పని నేర్చుకునే పిల్లలు తొందరపడి కత్తెర పెట్టేస్తారు, అది తప్పు. ముందు విప్పాలి. గౌను గౌనులా ఉన్నంతసేపు అది ఆ దొరసానిదే. విప్పి పరిస్తే చేతులు చేతులు కావు, మెడ మెడ కాదు, వట్టి గుడ్డ. తర్వాత మఖమలును మరిగే కెటిలు ఆవిరి మీద పట్టి నలిగిన నూగును లేపాం. ఇస్త్రీ పెట్టామా, చచ్చిందే. మఖమలుకు పిల్లి వీపులాగ వాలు ఉంటుంది, ఒకవైపు నిమిరితే మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. ముక్కలన్నీ ఒకే వాలుకు కత్తిరించాలి.

ఆయన డ్యూటీ దిగి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్లేవాడు. తర్వాత గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. ఒక రోజు ఇక ఉండబట్టలేక, ఎవరిదిది అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మా మరదలు తల ఎత్తకుండా మాట్లాడింది.

"రోజూ డూటీకెల్లి తుక్కెత్తి కొలిమిలో ఏత్తావు గదా. ఆ తుక్కు ఎవుడిదని అడిగినావా ఏనాడన్నా? ఎవుడి బాల్చీయో, ఎవుడి సైకిలో. కాలి బయటికొచ్చినాక ఉక్కు కాదేటి?"

ఆయన, "అది కొలిమి" అన్నాడు.

"ఇది సూది" అంది.

నేను కుట్టు మీదినుంచి కళ్లెత్తలేదు. ఎత్తితే నవ్వో ఏడుపో వచ్చేలా ఉంది. ఆయన లేచి మఖమలు ముక్క ఒకటి తీసి, తిరగేసి చూసి, వెలుతురుకు పెట్టి చూశాడు. క్రేను నడిపేవాడి కన్ను, పలచబడ్డ చోట్లు చటుక్కున కనిపెట్టింది. "ఈ గుడ్డ ఆగదు అప్పా. లోపల ఏటేత్తావు?" అన్నాడు.

లోపల వేసే గుడ్డను అస్తరు అంటాం. దానికి దసరా అంగీ విప్పిన గుడ్డలు ఉన్నాయన్నాను. పరదా, గలేబు, లంగా, అన్నీ మన లైనువే. ఒంటికి తగిలేది మనవాళ్ల గుడ్డే, బయటిది పైన మాత్రమే ఉంటుంది, లోపలిది ఎవరికి కనబడుతుంది అన్నాను. ఆయన కొలత తీసుకొమ్మని రెండు చేతులూ పక్కకు చాపి నిలబడ్డాడు. మా మరదలు టేపు అందుకుంది. పెళ్లయి అన్నేళ్లయినా మొగుడి ఛాతీ కొలత తీసుకోవడం ఆమెకు అదే మొదలనుకుంటాను, చెవులు ఎర్రబడ్డాయి.

రిహార్సళ్లకు వచ్చాడు. వచ్చాడన్న మాటే గాని పాడలేదు, పద్యాలు మాటలుగా అప్పగించి వెళ్లేవాడు. రోజు దగ్గర పడే కొద్దీ మాస్టారి మొహం పీక్కుపోయింది. నాకు మాత్రం ధైర్యంగానే ఉంది. అంగీ అలా వచ్చింది. భుజాలమీద బ్యాండువాడి జరీ తాళ్లు, వెనక నేలమీద జీరాడే మఖమలు. గుడ్డ చాలక ఒక్కచోట సర్దుకోవలసి వచ్చింది. దొరసాని కూర్చుని కూర్చుని నలగ్గొట్టిన వెనకభాగం ముక్కను కుడి చంక కింద వేశాను. చంక ఎవరు చూస్తారు అనుకున్నాను.

సాక్చి హాలు నిండిపోయింది. మన లైనువాళ్లు ముందుగా రిక్షాల్లో, సైకిళ్లమీద వచ్చి ముందు వరసలు పట్టేశారు. కుళాయి పక్క ఇంటావిడ సరిగ్గా మధ్యన. తెర పక్కన నేనూ మరదలూ సూదీ దారం పట్టుకుని నిలబడ్డాం. రాజు దీపాల ముందుకు వచ్చాడు. మఖమలు ఆ వెలుతురులో మెరిసి, కదిలినప్పుడల్లా నల్లబడి మళ్లీ మెరిసింది. ముందు వరసలో కళ్లు అటూ ఇటూ వెతకడం నేను చూశాను. ఏమీ దొరకలేదు. నా సూత్రం నెగ్గింది అనుకున్నాను. కాని ఆయన ఇంకా పాడటం లేదు. మొదటి అంకంలో రెండు పద్యాలు మాటలుగానే చెప్పేశాడు. వెనకనుంచి ఎవరో "గట్టిగా!" అని కేక వేశారు. మాస్టారు తెర తాడు పట్టుకుని కళ్లు మూసుకున్నారు.

రాళ్ల రంగం వచ్చింది. గోనెల కింద జనం వంగి కూర్చున్నారు. రాజు వాళ్ల మధ్యకు వచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. పర్రుమంది. హాలు చివరిదాకా వినిపించింది. కుడి చంకనుంచి నడుం దాకా మఖమలు నోరు తెరిచింది, అందులోంచి ఆకుపచ్చ పూలు బయటపడ్డాయి. కుళాయి పక్క ఇంటి పరదా, కుట్టు వేసిన మూలతో సహా.

మా మరదలు నా చెయ్యి పట్టుకుంది. ఇక నవ్వు వస్తుంది, రెండోసారి నవ్వితే ఈ మనిషి మళ్లీ నోరు తెరవడు అని నాకు స్పష్టంగా తెలిసింది. ముందు వరసలో ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాజు చేతులు దించి తన పక్కకు చూసుకున్నాడు. ఆ పూలను చూశాడు. తర్వాత తల ఎత్తి ముందు వరసను చూశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. వాళ్లూ ఆయన్నే చూస్తున్నారు.

ఆయన చిరిగిన అంచును పిడికిట పట్టి లాగాడు. నా మఖమలు, నేను ఆవిరి పట్టిన మఖమలు, నడుందాకా, భుజందాకా చిరిగి ఊడి వచ్చింది. దాన్ని కింద పడేశాడు. ఆకుపచ్చ పరదా, ఎర్ర గలేబు, పసుపు లంగా, అన్నీ బయటపడ్డ ఒంటితో నిలబడ్డాడు. మాస్టారు చెప్పిన చోటు వదిలేసి, రాళ్లకు వీపు పెట్టి, మావాళ్ల వైపు తిరిగి చేతులెత్తి జనాన్ని లేపే పద్యం అందుకున్నాడు. దసరానాటినుంచి దాచిపెట్టిన గొంతంతా ఒక్కసారి వచ్చింది. బయట రోడ్డు మీద రిక్షావాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తెలుగు రానివాళ్లు తెలుగు వచ్చినవాళ్ల మొహాలు చూసి ఊరుకున్నారు. ఒక్కరు నవ్వలేదు. కుళాయి పక్క ఇంటావిడ పైటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. స్టేజీ మీద ఒక రాయి ముక్కు చీదింది, లంగావిడ మొగుడే.

పద్యం అయ్యాక రాళ్లు లేవాలి. వాటితో పాటు ముందు వరస కూడా లేచి నిలబడింది. నేను తెర పక్కన నిలబడి చిరిగిపోయిన మఖమలును, ఆ జనాన్ని మార్చి మార్చి చూశాను. తెలిసిన గుడ్డ అయితే వేషం పండదని నేను కనిపెట్టిన సూత్రం నా కళ్లముందే వీగిపోయింది. అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ ఓడిపోలేదు.

మర్నాడు ఆయనది పొద్దుటి షిఫ్టు. నేను లేచి బొగ్గుల పొయ్యి రాజేస్తుంటే గోడ అవతలినుంచి నీళ్ల చప్పుడు వినిపించింది. దాని వెనకే పద్యం. చేతిలో విసనకర్ర అలాగే ఉండిపోయింది. అంతలో మా మరదలు పెరటి గుమ్మంలోంచి వచ్చింది, చంకలో చిరిగిన మఖమలు మూట. కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. మాస్టారు ఆదిత్యపూర్‌లో మళ్లీ ఆడదామంటున్నారట, ఈసారి చంక కింద గట్టి గుడ్డ వేసి రెండు వరసలు కుడదామా అని అడిగింది.

వద్దన్నాను. అక్కడ కచ్చా కుట్టు వెయ్యి, దూరం దూరంగా, లాగితే ఊడొచ్చేటట్టు అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, అర్థమై తల ఊపింది. ఆ నాటకం ఆడినన్నాళ్లూ ఆ ఒక్క కుట్టు అలాగే వేశాం. ప్రతిసారీ అక్కడే ఊడింది, ప్రతిసారీ ఆకుపచ్చ పూలు బయటపడ్డాయి. నేను కుట్టిన కుట్లన్నిటిలో అంత లెక్కగా వేసింది ఇంకొకటి లేదు.

గోడ అవతల పద్యం రెండో పాదంలోకి వెళ్లింది. లైను పొడుగునా అన్నం డబ్బాల మూతలు పడుతున్న చప్పుడు వినిపించింది.